అమ్మానాన్నలతో ఇంగ్లండ్ కొండల మీద ఒక రోజు: స్టోన్‌హెంజ్ కాకుండా ఇంకెక్కడికి వెళ్లవచ్చు?

ప్రశ్న (కాకినాడ కాజా, రీడింగ్)

అందరికీ నమస్కారం. మేము నాలుగేళ్లుగా రీడింగ్‌లో ఉంటున్నాము. జూన్‌లో అమ్మానాన్నలు కాకినాడ నుంచి ఆరు వారాలు ఉండేలా వస్తున్నారు. లండన్‌లో చూడవలసినవన్నీ కిందటిసారి వచ్చినప్పుడే చూపించాము. స్టోన్‌హెంజ్ అనే పురాతన రాతి వలయానికి కూడా తీసుకువెళ్లాము గానీ, అక్కడ రాళ్లకు దూరంగా వేసిన దారి వెంట ఒక చుట్టు తిరిగి, ఫోటోలు తీసుకుని, బస్సెక్కి వెనక్కి వచ్చేశాము. నాన్నగారు ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ మాస్టారుగా పనిచేశారు. "ఇంత దూరం వచ్చి రాతిని చేత్తో ముట్టుకోకుండా వెళ్లడం ఏమిటిరా" అని ఆయన దారి పొడవునా గొణుగుతూనే ఉన్నారు.

ఈసారి ఒక శనివారం కేటాయించి, ఎత్తయిన కొండ మీది నుంచి ఊళ్లూ పొలాలూ కనిపించే చోటొకటి, నిజంగా పురాతనమైన కట్టడం ఒకటి, రెండూ కలిసివచ్చేలా చూపించాలని ఉంది. కారు ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. చదునైన దారిలో మైలు దూరం నెమ్మదిగా నడవగలదు గానీ, నిట్రంగా ఉన్న దారి ఎక్కలేదు. ఎనిమిదేళ్ల మా అబ్బాయి మాత్రం ఎక్కడ కొండ కనిపిస్తే అక్కడ పరిగెత్తే రకం. రీడింగ్ నుంచి గంట, గంటన్నర ప్రయాణంలో ఇలాంటి చోటు ఏదైనా ఉంటే, వెళ్లి వచ్చినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు 1 (సుద్దకొండ, స్విండన్)

మీరు అడిగినవన్నీ ఒకే కొండ మీద దొరికే చోటు అఫింగ్టన్. రీడింగ్ నుంచి ఎం4 మోటార్‌వే మీదుగా సుమారు గంట ప్రయాణం. 261 మీటర్ల ఎత్తున్న అక్కడి వైట్ హార్స్ హిల్ (తెల్లగుర్రపు కొండ) ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోకెల్లా ఎత్తయిన స్థలం. ఉత్తరం వైపు తిరిగి నిలబడితే లోయ మొత్తం, పొలాల మధ్య కంచె మొక్కల గీతలతో సహా, విప్పి పరిచిన పటంలా కనిపిస్తుంది. పాత ఫోటోలలో తూర్పున డిడ్‌కాట్ విద్యుత్ కేంద్రపు లావాటి గోపురాలు కూడా కనిపించేవి. వాటిని 2014లో మూడు, 2019లో మూడు చొప్పున కూల్చివేశారు గనుక ఇప్పుడు ఆ దిక్కు బోసిగా ఉంటుంది.

కొండ వాలు మీద చెక్కిన తెల్లగుర్రం పొడవు 110 మీటర్లు. దీన్ని గడ్డి తొలగించి పైపైన గీసిన బొమ్మగా చాలామంది పొరబడతారు. నిజానికి నేలలో లోతుగా కాలువలు తవ్వి, వాటిని దంచిన సుద్దరాయితో నింపి, ఈ ఆకారం తెచ్చారు. 1990లలో ఆ కాలువల అడుగుమట్టి చివరిసారిగా ఎప్పుడు వెలుతురు చూసిందో లెక్కగట్టే పద్ధతిలో పరీక్షించి, ఇది కంచు యుగపు చివరి దశకో ఇనుప యుగపు ఆరంభానికో చెందినదని, అంటే సుమారు మూడు వేల ఏళ్ల నాటిదని తేల్చారు. అంతకు ముందు దీన్ని సాక్సన్ రాజుల కాలపు విజయ చిహ్నమని చాలామంది నమ్మేవారు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. గుర్రం దగ్గరికి వెళితే గుర్రం కనిపించదు. మూడేళ్ల కిందట మా నాన్నగారిని ఇలాగే తీసుకువెళ్లాను. ఆ ఉదయం పొగమంచు కమ్ముకుని ఉంది. కొండ ఎక్కి, గుర్రం తల పక్కనే, సుద్దతో చేసిన గుండ్రటి కంటికి పది అడుగుల దూరంలో నిలబడి, ఆయన నలువైపులా చూసి "ఇంతకీ గుర్రం ఎక్కడరా?" అని అడిగారు. చేత్తో చూపిస్తే ఆయనకు ఒక తెల్లటి బాట, అది వంపు తిరిగి మంచులోకి మాయమవడం తప్ప ఏమీ కనిపించలేదు. మంచు లేని రోజైనా దగ్గరి నుంచి ముక్కలే కనిపిస్తాయి. గుర్రం మొత్తం కనిపించాలంటే కొండకు ఉత్తరాన లోయలో ఉన్న ఫెర్న్‌హామ్, లాంగ్‌కాట్ ఊళ్ల వైపు వెళ్లి వెనక్కి తిరిగి చూడాలి. డిడ్‌కాట్ నుంచి స్విండన్ వెళ్లే రైలులో ఎడమ కిటికీ పక్కన కూర్చున్నా కనిపిస్తుంది. అందుచేత ముందు లోయలో కారు ఆపి దూరం నుంచి గుర్రాన్ని చూపించి, ఆ తరువాత కొండ మీదికి తీసుకువెళ్లండి. ఈ వరుస తారుమారైతే పెద్దవాళ్లకు నిరాశే మిగులుతుంది.

కార్లు నిలిపే చోటు కొండ మీదే ఉంది గనుక మీ అమ్మగారు మొత్తం ఎక్కనక్కర లేదు. ఇలాంటి చోట్లను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థలో సభ్యులు కానివారు అక్కడ డబ్బు కట్టాలి. అక్కడి నుంచి గడ్డి మీదుగా పది పదిహేను నిమిషాల నడక, కొద్దిపాటి ఎగుడు ఉంటుంది. గుర్రానికి పైన అఫింగ్టన్ కాజిల్ అనే ఇనుప యుగపు కొండకోట ఉంది. కోట అనగానే గోల్కొండలా రాతి గోడలు, బురుజులు ఊహించుకోవద్దు. ఎనిమిది ఎకరాల పచ్చిక చుట్టూ ఒక మట్టికట్ట, దాని బయట ఒక కందకం, అంతే. అయితే ఆ కట్ట మీద ఒక చుట్టు నడిస్తే లభించే దృశ్యం కోసమే నేను ఇప్పటికీ ఏటా వెళుతుంటాను. గుర్రానికి దిగువన చదునైన నెత్తితో డ్రాగన్ హిల్ అనే గుట్ట ఉంటుంది. సెయింట్ జార్జ్ డ్రాగన్‌ను చంపింది అక్కడేననీ, దాని రక్తం పడిన చోట నేటికీ గడ్డి మొలవదనీ చెప్పుకుంటారు. మీ అబ్బాయికి ఆ కథ చెప్పి, ఆ బోడి నేలను చూపిస్తే చాలు, రోజంతా మిమ్మల్ని విసిగించడు.

కోట దగ్గరి నుంచి రిడ్జ్‌వే అనే పురాతన బాట మీద పడమరగా రెండు కిలోమీటర్ల లోపు నడిస్తే వేలండ్స్ స్మిథీ వస్తుంది. బీచ్ చెట్ల వలయం మధ్య పొడవాటి సమాధి దిబ్బ, దాని ముందు మనిషికి మించిన ఎత్తున్న రాళ్లు. ఇది గుర్రం కన్నా రెండు వేల ఏళ్లకు పైగా పాతది. 1962, 63లలో స్టువర్ట్ పిగట్, రిచర్డ్ అట్కిన్సన్ అనే పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వినప్పుడు, పైకి కనిపించే రాతి సమాధి కింద అంతకన్నా పాతదైన, కలపతో కట్టిన మరొక సమాధి ఉన్నదనీ, అందులో 14 మంది అవశేషాలున్నాయనీ బయటపడింది. లోపలి రాళ్లను నిరభ్యంతరంగా ముట్టుకోవచ్చు. మీ నాన్నగారి కోరిక అక్కడ తీరుతుంది.

జవాబు 2 (కృష్ణాతీరం, బ్రిస్టల్)

పై సలహాతో నాకు సగమే అంగీకారం. అఫింగ్టన్ అందమైన చోటే గాని, మోకాళ్ల నొప్పులున్న మనిషిని వేలండ్స్ స్మిథీ దాకా నడిపించి మళ్లీ వెనక్కి నడిపిస్తే నాలుగు కిలోమీటర్లవుతుంది. రిడ్జ్‌వే చూడడానికి చదునుగా ఉంటుంది గానీ, వాన పడితే బండి చాళ్లలో నీళ్లు నిలిచి, సుద్ద వెన్నలా జారుతుంది. అందుచేత మీ అమ్మగారిని దృష్టిలో పెట్టుకుని రోజును ఏవ్‌బరీతో మొదలుపెట్టండి.

ఏవ్‌బరీ ప్రపంచంలోకెల్లా పెద్ద రాతి వలయం. స్టోన్‌హెంజ్‌ను, దీన్ని కలిపి 1986లోనే యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయినా ఇక్కడ వలయంలోకి వెళ్లడానికి టికెట్టు లేదు, తాడు లేదు, బస్సు లేదు. చుట్టూ పెద్ద కందకం, దాని బయట మట్టికట్ట, లోపల రాళ్లు. ఆ రాళ్ల నడుమ నుంచే రోడ్డు పోతుంది, ఇళ్లున్నాయి, రెడ్ లయన్ అనే పబ్ కూడా ఉంది. గొర్రెలు రాళ్లకు వీపు రుద్దుకుంటూ తిరుగుతుంటాయి. కారు నిలిపిన చోటి నుంచి ఊళ్లోకి చదునైన దారి ఉంది. పచ్చిక మీదా పెద్ద ఎత్తుపల్లాలు లేవు, కట్ట ఎక్కాలనుకుంటే తప్ప.

సోషల్ మాస్టారు గనుక మీ నాన్నగారికి ఈ ఊరి తరువాతి చరిత్ర ఇంకా నచ్చుతుంది. మధ్యయుగంలో ఊరివాళ్లు చాలా రాళ్లను గోతులు తవ్వి పూడ్చిపెట్టారు. 17, 18 శతాబ్దాలలో మిగిలిన వాటి కింద మంటలు పెట్టి, కాలిన రాతి మీద చన్నీళ్లు పోసి, పగలగొట్టి, ఆ ముక్కలతో ఇళ్లు కట్టుకున్నారు. మన అమరావతి స్తూపపు పలకలను సున్నం కోసం కాల్చిన కథ మీకు గుర్తొస్తే అది మీ తప్పు కాదు. అదే కాలంలో విలియం స్ట్యూక్‌లీ అనే పురాతన కట్టడాల పరిశోధకుడు ఇక్కడికి వచ్చి, ఏ రాయి ఎక్కడ ఉండేదో బొమ్మలు గీసి పెట్టుకున్నాడు గనుక పోయినవాటి సంగతి మనకు కొంతైనా తెలిసింది. 1930లలో అలెగ్జాండర్ కీలర్ అనే ఆయన, కుటుంబానికి మార్మలేడ్ వ్యాపారంలో వచ్చిన ఆస్తితో భూమి కొని, పూడ్చిన రాళ్లను వెలికితీసి నిలబెట్టించాడు. పూర్తిగా పోయిన రాళ్ల స్థానంలో సిమెంటు గుర్తులు పాతించాడు. నేల మీద చిన్న దిమ్మెల్లా కనిపిస్తాయి, వాటిని కూడా లెక్కపెట్టమని మీ అబ్బాయికి చెప్పండి. 1938లో ఒక రాతిని ఎత్తుతున్నప్పుడు దాని కింద 14వ శతాబ్దపు మనిషి అస్థిపంజరం, పక్కన కత్తెర, వైద్యుడి శస్త్రం, నాణేలు దొరికాయి. రాళ్లను పూడ్చే పనిలో ఉండగా అది మీద పడి ఉంటుందని అప్పట్లో అనుకున్నారు.

అక్కడికి మైలు దూరంలో సిల్బరీ హిల్ ఉంది. సుమారు 4,400 ఏళ్ల కిందట మనుషులు సుద్దనూ మట్టినీ మోసి పోసి పెంచిన గుట్ట ఇది. ముప్పై మీటర్ల పైచిలుకు ఎత్తు. ఐరోపాలో చరిత్ర పూర్వ కాలపు కృత్రిమ గుట్టలలో ఇంతకన్నా పెద్దది లేదు. లోపల సమాధి గాని, నిధి గాని ఎవరికీ దొరకలేదు. దొరుకుతాయన్న ఆశతో 1776లో నెత్తి నుంచి నిలువునా తవ్విన బావి 2000 సంవత్సరంలో కుంగి, పైన పెద్ద గుంట పడింది. 2007, 2008లలో లోపలి పాత తవ్వకాల సొరంగాలన్నీ సుద్దతో నింపి గుట్టను నిలబెట్టారు. ఎక్కడం నిషేధం. మీ అబ్బాయి సంగతి మీరే చెప్పారు గనుక ఈ మాట ముందే అతని చెవిన వేయండి. రోడ్డు పక్క నుంచి చూస్తే చాలు.

ఏవ్‌బరీకి ఉదయం, అఫింగ్టన్‌కు సాయంత్రం వెళ్లండి. రెండింటికీ మధ్య ముప్పావు గంట దాకా పడుతుంది. జూన్‌లో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది దాటాకే గనుక తొందరపడనక్కర లేదు.

జవాబు 3 (రాళ్లపిచ్చి, ఆక్స్‌ఫర్డ్)

ఇద్దరూ చెప్పవలసినవి చాలావరకు చెప్పారు. మీ నాన్నగారితో కొండ మీద మాట్లాడుకోవడానికి పనికివచ్చే రెండు సంగతులు నేను చేరుస్తాను.

మొదటిది పేరు. వేలండ్ అనేవాడు జర్మానిక్ గాథలలోని కమ్మరి. దిబ్బ దగ్గర గుర్రాన్ని కట్టి, ఒక వెండి నాణెం పెట్టి వెళితే, తిరిగి వచ్చేసరికి గుర్రానికి లాడాలు కొట్టి ఉండేవనీ, కమ్మరి మాత్రం కంటపడేవాడు కాదనీ ఇక్కడివాళ్లు చెప్పుకునేవారు. క్రీ.శ. 955 నాటి ఒక భూదాన పత్రంలోనే ఈ దిబ్బకు వేలండ్ పేరుంది. అంటే సాక్సన్లు వచ్చేసరికే ఇది ఎవరు కట్టారో తెలియని కట్టడం; మనిషి ఎత్తలేని రాళ్లు గనుక మనిషి కానివాడి పని అయి ఉండాలి. మన ఊళ్లలో బృహత్ శిలాయుగపు సమాధులను రాకాసి గుళ్లని పిలవడం వెనుక ఉన్నదీ ఇదే తర్కం. కృష్ణ ఒడ్డున, నారాయణపేట జిల్లా ముడుమాల్‌లోని నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. ఇవి ఏవ్‌బరీ కన్నా వయసులో చిన్నవి, వీటికీ వాటికీ సంబంధమేమీ లేదు. కానీ రెండూ చూసిన మనిషికి రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించకుండా ఉండడం కష్టం.

రెండోది గుర్రం నడక. 2017లో జాషువా పొలార్డ్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఒక వాదం ముందుపెట్టారు. శీతాకాలపు అయనాంత దినాలలో ఎదుటి కొండ నుంచి చూస్తే, గుర్రం వెనక నుంచి సూర్యుడు లేచి, దానితో పాటు పరిగెడుతున్నట్లు కనిపిస్తాడనీ, ప్రాచీన ఐరోపాలో సూర్యుణ్ణి గుర్రం లాగుతుందన్న నమ్మకానికి ఇది బొమ్మ కావచ్చుననీ ఆయన అంటారు. దీన్ని రుజువైన విషయంగా తీసుకోనక్కర లేదు. అయితే రథసప్తమి నాడు జిల్లేడాకులు తల మీద పెట్టుకుని స్నానం చేసినవాళ్లకు సూర్యుడి గుర్రం సంగతి కొత్తగా వివరించనక్కర లేదని మాత్రం అంటాను.

మరొక చిన్న మాట. స్టోన్‌హెంజ్‌లోని పెద్ద రాళ్లు ఎక్కువ భాగం మార్ల్‌బరో దగ్గరి వెస్ట్ వుడ్స్ నుంచి వెళ్లినవని 2020లో రసాయన పరీక్షల ద్వారా తేలింది. అది ఏవ్‌బరీకి ఎంతో దూరం కాదు. అంటే కిందటిసారి మీ నాన్నగారు ముట్టుకోలేకపోయిన రాతి పుట్టిల్లు ఈ ప్రాంతమే.

జవాబు 4 (చేతికర్ర, న్యూబరీ)

రాళ్ల గురించి చాలా వచ్చింది గనుక కాళ్ల గురించి చెబుతాను. అఫింగ్టన్ కొండ మీద మరుగుదొడ్లు, టీ దుకాణం ఆశించవద్దు. ఏవ్‌బరీలో పని ముగించుకుని వెళ్లండి. కింద ఎంత ఎండగా ఉన్నా కోటకట్ట మీద గాలి ఈడ్చి కొడుతుంది. జూన్ అయినా అమ్మగారికి స్వెట్టరు, చెవులకు స్కార్ఫు ఉండాలి. చీర కట్టుకుంటారేమో, ఆ గాలికి కొంగు సర్దుకోవడమే పని అవుతుంది గనుక పైన కోటు ఉంటే మంచిది. ఎత్తయిన గడ్డిలో కూర్చుని లేచాక పిల్లవాడి కాళ్లు, మోకాళ్ల వెనక భాగం చూడండి. గొర్రెలు తిరిగే చోట పిడుదులు ఉంటాయి.

బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డినెన్స్ సర్వే వారి ఎక్స్‌ప్లోరర్ పటాలలో 170వది అఫింగ్టన్‌కు, 157వది ఏవ్‌బరీకి సరిపోతాయి. అందులో ఆకుపచ్చ చుక్కల గీతలన్నీ ఎవరైనా హక్కుగా నడవగలిగిన బాటలు, అవి ఎవరి పొలం మధ్య నుంచి పోతున్నా సరే. గేటు తెరిచి ఉంటే తెరిచినట్లు, మూసి ఉంటే మూసినట్లు వదిలి వెళ్లాలి. గుర్రం మీద మాత్రం అడుగు పెట్టవద్దు. కంటి మీద నిలబడి మూడుసార్లు తిరిగి కోరిక కోరుకునే ఆచారం ఒకటి ఉండేది గానీ, ఇప్పుడు సుద్ద అరిగిపోతుందని వద్దంటున్నారు.

ప్రశ్న అడిగినవారి తిరుగు జవాబు (కాకినాడ కాజా, రీడింగ్)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న శనివారం వెళ్లి వచ్చాము. కృష్ణాతీరం గారి వరుసనే పాటించి, ఉదయం పదింటికల్లా ఏవ్‌బరీ చేరాము. నాన్నగారు మొదటి రాతి దగ్గరే అరగంట ఆగిపోయారు. చెయ్యి ఆనించి, "ఉదయం పదకొండైనా ఇటువైపు ఇంకా చల్లగానే ఉంది" అని చెప్పి, ఎండ పడే వైపుకు వెళ్లి అక్కడ కూడా చెయ్యి పెట్టి చూశారు. సిమెంటు గుర్తులను మా అబ్బాయి ముప్పై దాకా లెక్కపెట్టి, ఎక్కడ మొదలుపెట్టాడో మరిచిపోయి, మళ్లీ మొదటికి వచ్చాడు. పులిహోర కట్ట కింద గడ్డిలో కూర్చుని తిన్నాము. ఒక గొర్రె మా దుప్పటి మీదికి వచ్చి నిలబడడం తప్ప ఇబ్బందేమీ కాలేదు.

సాయంత్రం ఫెర్న్‌హామ్ దాటాక కారు ఆపి గుర్రాన్ని దూరం నుంచి చూశాము. సుద్దకొండ గారూ, మీ సలహా లేకపోతే మేమూ కంటి పక్కన నిలబడి గుర్రాన్ని వెతుక్కునేవాళ్లమే. పైకి వెళ్లాక అమ్మ కోట దాకా రాలేదు. గుర్రం వీపు గీత కనిపించే చోట మడతకుర్చీ వేసుకుని కూర్చుంది. అక్కడున్న ఒక స్వచ్ఛంద సేవకురాలు ఆమెతో మాటలు కలిపి, ఏటా వేసవిలో జనం మోకాళ్ల మీద కూర్చుని, సుత్తులతో కొత్త సుద్దను కొడతారనీ, గడ్డి కమ్ముకువచ్చి సన్నబడిన తల, మెడ భాగాలను 2024లో మళ్లీ వెడల్పు చేశారనీ చెప్పిందట. మా అబ్బాయి మధ్యలో కూర్చుని తెలుగులోకి మార్చి చెప్పాడు. నేను తిరిగి వచ్చేసరికి అమ్మ, "మూడు వేల ఏళ్లు అంటే మూడు వేల సంక్రాంతులురా, ప్రతి ఏడూ ఎవరో ఒకరు సున్నం వేశారన్న మాట. మన వీధి అరుగుకు రెండేళ్లు మానేస్తేనే ఏమయిందో చూశావుగా" అంది. నాన్నగారు ఆ తరువాత కారెక్కేదాకా రాజవంశాల ఊసెత్తలేదు.

వేలండ్స్ స్మిథీకి నేనూ, నాన్నగారూ, అబ్బాయీ మాత్రమే నడిచి వెళ్లి వచ్చాము. అమ్మ కారులో కునుకు తీసింది. ముందు రోజు వాన పడింది గనుక రిడ్జ్‌వే మీద సుద్ద బురద బూట్ల అడుగున రెండంగుళాల మందాన పట్టుకుంది. దాన్ని అక్కడే గడ్డికి రాసి ఎక్కి ఉండవలసింది. ఇప్పుడు కారు మ్యాట్ల మీద తెల్లగా గట్టిపడి కూర్చుంది; తడిగుడ్డతో తుడిస్తే ఇంకా పరుచుకుంటోంది. బాగా ఆరనిచ్చి, దులిపి, ఆ తరువాత బ్రష్షు వేయాలని పక్కింటాయన చెప్పారు, రేపు అది చేసి చూస్తాను.